పుస్తకంలో లేని పడవ

గుడివాడలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో ఒంటిగంటకి భోజనాలు మొదలవుతాయి. పది నిమిషాల్లో క్యారేజీ ముగించి, మిగతా సమయం ఫోను పట్టుకుని కూర్చోవడం నాకు అలవాటు. రెండేళ్ళ కిందట పుస్తకాలు చదివేవాళ్ళ గ్రూపు ఒకదాంట్లో చేరాను. చాలామందిమి ఉన్నాం గానీ ఒకరి మొహం ఒకరు చూసినవాళ్ళం తక్కువ. సోమవారం ఎవరికి నచ్చిన పుస్తకం గురించి వాళ్ళు రాయాలి. శుక్రవారం ఆ వారంలో దొరికిన చిన్న సంతోషం ఏదైనా రాయాలి. అంతకుమించి నియమాలు లేవు.

శుక్రవారాలు నాకు తేలిక. పెసరట్టు అంచు కరకరలాడటం గురించి, గంజి పెట్టిన చీర మడత విప్పినప్పుడు వచ్చే చప్పుడు గురించి రాసేదాన్ని. బంటుమిల్లి నుంచి ఒకావిడ చేపల చెరువు గట్టు మీద మంచం వేసుకుని చదివానని రాస్తే, గాలికి పేజీలు ఎగరలేదా అని అడిగేదాన్ని. చెప్పులు బరువు పెట్టానండీ అని ఆవిడ జవాబిచ్చేది. ఆ మాటలకే రోజంతా హాయిగా ఉండేది.

సోమవారాలే కష్టం. ఉద్యోగంలో చేరాక నేను చదివింది తక్కువ. చదివినవన్నీ దాదాపు చిన్నప్పుడు బందరులో అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చినవే. అందుకని ఒక సోమవారం, నా పదకొండో ఏట విన్న ఒక నవల గురించి రాశాను. దాని పేరు ఇక్కడ చెప్పను. చెబితే గొడవ మళ్ళీ మొదటికొస్తుంది.

విన్న నవల అని ఎందుకన్నానంటే, అది నేను చదవలేదు. అప్పట్లో మేము ఇనగుదురుపేటలో అద్దెకుండేవాళ్ళం. పక్కవాటాలో ఒక ముస్లిం కుటుంబం. ఆ ఇంటి కోడలు వసారాలో మిషను పెట్టుకుని పేటలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది. మేము పిన్నిగారూ అని పిలిచేవాళ్ళం. నాకు కళ్ళకలక వచ్చి వారం రోజులు బడికి వెళ్ళనప్పుడు ఆవిడ మిషను ఆపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ నవల మొత్తం చదివి వినిపించింది. నా కళ్ళ మీద తడిగుడ్డ, చెవిలో ఆవిడ గొంతు. ఇది నాకు నిన్న జరిగినట్టు గుర్తు.

కథ ఇది. పెద్ద ఉమ్మడి కుటుంబంలో ఒక కోడలు. కుట్టుపని బాగా వచ్చు. ఆమె కుట్టుమిషను మీద ఇంట్లో అందరికీ హక్కుంటుంది, ఆమెకి తప్ప. చివరికి ఒకరోజు పొద్దున్నే మిషనుని ఎత్తించుకుని ఏటి ఒడ్డుకి వెళ్తుంది. పడవవాడు అడుగుతాడు, అవతల నీకెవరున్నారమ్మా అని. ఆమె అంటుంది, "అవతల మాత్రం చిరిగిన గుడ్డలుండవా?"

ఆ మాట రాసి పెట్టేసి ఫైళ్ళలో పడిపోయాను. నాలుగింటికి ఫోను తీస్తే గ్రూపంతా అదే. ముదినేపల్లి నుంచి ఒక టీచరుగారు ఆ మాటని కాగితం మీద రాసి, తన బీరువాకి అంటించి, ఫొటో తీసి పెట్టారు. ఎవరో ఏడుపొచ్చిందన్నారు. పుస్తకం ఎక్కడ దొరుకుతుందని పది మంది అడిగారు. నేను రాసినదానికి అంత స్పందన ఎప్పుడూ రాలేదు. ఇంటికెళ్ళే దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

మర్నాడు పొద్దున్న అవనిగడ్డ మావయ్యగారి జవాబు వచ్చింది. ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయినాయన. గ్రూపులో అందరికీ ఆయన మావయ్యగారే. ఏ పాత పుస్తకం గురించి అడిగినా తన దగ్గరున్న ప్రతి తీసి చూసి చెబుతారు.

"అమ్మా, మీరు ఏమీ అనుకోవద్దు. ఆ నవల నా దగ్గరుంది. మీ పోస్టు చూసి రాత్రి మళ్ళీ చదివాను. అందులో పడవ లేదు. పడవవాడూ లేడు. మీరు రాసిన ఆ మంచి మాట కూడా ఎక్కడా కనపడలేదు. వేరే పుస్తకమేమో చూసుకోండి."

నాకు మొహం మీద చల్లనీళ్ళు కొట్టినట్టయింది. అంతలోనే కోపం వచ్చింది. ముసలాయన సరిగ్గా చదివి ఉండరనుకున్నాను. లేదండీ, అదే నవల, ఆమె పేరూ ఊరి పేరూ ఇవీ అని వివరంగా రాశాను. పేర్లు సరిపోయాయి, పడవ మాత్రం లేదు అన్నారాయన.

విజయవాడలో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, నాకు కళ్ళకలకొచ్చినప్పుడు పక్కింటి పిన్నిగారు నవల చదివి వినిపించింది గుర్తుందా?"

"కళ్ళకలకొచ్చింది నాకే. నీకెప్పుడొచ్చింది?"

"నాకు రాలేదా?"

"నీకు గవదబిళ్ళలు. కళ్ళకలక నాది. నన్ను వేరే గదిలో పడుకోబెడితే ఏడ్చాను. ఇంకో సంగతి, మనకి నవలలు చదివి వినిపించేది అమ్మే. పిన్నిగారికి మిషను తొక్కడానికే టైము చాలేది కాదు."

ఫోన్ పెట్టేశాక వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. కళ్ళ మీద తడిగుడ్డ చల్లదనం నాకు ఇప్పటికీ తెలుస్తోంది. అది మా అన్నయ్య కళ్ళ మీదిదైతే నాకెలా తెలుస్తుంది? అమ్మని అడుగుదామంటే అమ్మ లేదు.

రెండో శనివారం అవనిగడ్డ వెళ్ళాను. పామర్రులో బస్సు మారి, చల్లపల్లి మీదుగా, పులిగడ్డ దాటేసరికి పదకొండయింది. మావయ్యగారు బస్టాండుకే వచ్చారు. ఫొటో కంటే పొట్టిగా ఉన్నారు. దారంతా, "మిమ్మల్ని బాధపెట్టానేమో, ఊరుకుంటే సరిపోయేది," అంటూనే ఉన్నారు.

ఆయన పుస్తకాల గదిలో అరలన్నీ నడుం ఎత్తు నుంచి మొదలవుతాయి. కింద ఒక్క పుస్తకం లేదు. నేను చూడటం చూసి, "ఉప్పెన చూసినవాణ్ణమ్మా. కింది అరలో కాగితం పెట్టబుద్ధి కాదు," అన్నారు. నవల తీసి చేతిలో పెట్టారు. నీలం అట్ట. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చి, ఫ్యాను నా వైపు తిప్పారు. తరవాత ఇద్దరూ నన్ను ఒంటరిగా వదిలేసి వెళ్ళారు.

సగం దాకా అంతా నాకు గుర్తున్నట్టే ఉంది. ఉమ్మడి ఇల్లు, వసారా, కోడలి కుట్టుమిషను. తరవాతి పేజీలో ఏం జరుగుతుందో ముందే తెలుస్తోంది. మావయ్యగారిని పిలిచి చూపించాలన్నంత ధైర్యం వచ్చింది. ఆ తరవాత కథ వేరే దారి పట్టింది. మిషనుని ఆడపడుచుకి ఇచ్చేయాలని ఇంట్లో తీర్మానిస్తారు. కోడలు రెండు రోజులు అన్నం తినదు. మూడో రోజున తనే మిషనుని తుడిచి, నూనె వేసి, బండి ఎక్కిస్తుంది. ఆమె మంచితనాన్ని ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు. ఆ తరవాత మిగిలిన నలభై పేజీలూ వంటింట్లోనే గడుస్తాయి. ఆఖరి పేజీలో ఆమె అందరికీ తలలో నాలుక అవుతుంది.

రెండుసార్లు తిరగేశాను. పేజీలు ఏవైనా ఊడిపోయాయేమోనని అంకెలు చూశాను. అన్నీ ఉన్నాయి. ఏరు అనే మాట పుస్తకం మొత్తంలో ఒక్కసారి వచ్చింది. అదీ బట్టలు ఉతకడానికి వెళ్ళినప్పుడు.

"మీరన్నదే నిజమండీ," అన్నాను బయటికి వచ్చి.

ఆయన సంతోషించలేదు. "మరి ఆ మాట ఎక్కడిదమ్మా?" అన్నారు. "అంత మంచి మాట ఎవరో ఒకరు అని ఉండాలి కదా."

"నాకు చదివి వినిపించినావిడ బందరులోనే ఉన్నారు. ఆవిడనే అడుగుతాను."

"అయితే పుస్తకం తీసుకెళ్ళండి," అని ఆయనే సంచిలో పెట్టారు. పుస్తకం బయటికి ఇవ్వరని గ్రూపులో ఆయనకి పేరు.

పిన్నిగారు మా పక్కవాటా నుంచి ఎప్పుడు వెళ్ళిపోయారో నాకు సరిగ్గా తెలియదు. ఒకరోజు వసారా ఖాళీగా ఉంది. చుట్టాలింటికి వెళ్ళిందని పెద్దవాళ్ళు అన్నారు. చాలా ఏళ్ళకి బందరు తిరిగొచ్చి కోనేరు సెంటరు దగ్గర సందులో టైలరింగ్ షాపు పెట్టారు. ఒక పెళ్ళిలో కలిసి నన్ను గుర్తుపట్టి, వచ్చిపొమ్మన్నారు. వస్తానని నేను వెళ్ళలేదు. ఇప్పుడు షాపు ఆవిడ మేనకోడలు చూసుకుంటోంది. ఆవిడ షాపు వెనక గదిలో ఉంటారు.

ఆదివారం పాసింజరులో బందరు వెళ్ళాను. పిన్నిగారు కిటికీ దగ్గర కూర్చుని గుండీలు రంగుల వారీగా డబ్బాల్లో వేస్తున్నారు. చూపు బాగానే ఉంది. మనిషి బాగా చిక్కిపోయారు. నన్ను చూడగానే, "కోర్టు గుమాస్తాగారి అమ్మాయివి కదూ, ఇన్నాళ్ళకా రావడం?" అన్నారు. మేనకోడలు టీ తెచ్చింది. ఇంక ఆగలేక అడిగేశాను.

"పిన్నిగారూ, నా చిన్నప్పుడు మీరు నాకో నవల చదివి వినిపించారు. గుర్తుందా? మిషనున్న కోడలి కథ."

ఆవిడ చేతిలో గుండీలు ఆగిపోయాయి. "నేనా? నేను చదవడమేంటి తల్లీ. నాకు తెలుగు అక్షరం ఒక్కటి రాదు. నేను చదివింది ఉర్దూ బడిలో, అదీ నాలుగో క్లాసు దాకానే."

"మరి ఎవరు చదివారు?"

"నువ్వే."

నేను నవ్వాననుకుంటాను. ఆవిడ నవ్వలేదు.

"నీ గవదబిళ్ళలు తగ్గేదాకా బడికి పంపలేదు నిన్ను. మెడకి గుడ్డ కట్టుకుని మా వసారాలోకి వచ్చేదానివి. పుస్తకాల కొట్టు నుంచి మీ అమ్మ తెచ్చిన పుస్తకం పట్టుకొచ్చి, నేను మిషను తొక్కుతుంటే పెద్దగా చదివేదానివి. నాకు కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే తడిగుడ్డ వేసుకుని విన్నాను రెండు రోజులు. పేటంతా కళ్ళకలకలే అప్పుడు."

"నేను చదివానా? పడవ ఎక్కడం కూడానా?"

"అన్నీ. అవతల చిరిగిన గుడ్డలుండవా అని నువ్వు చదివినప్పుడు నేను మిషను ఆపేశాను. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివావు."

అప్పుడు నేను పదకొండేళ్ళ పిల్లని. ఏటి ఒడ్డుకి ఒక్కదాన్నే వెళ్ళినదాన్ని కూడా కాదు. ఆ మాట నాకెక్కడిది? మా అమ్మ తెచ్చిన ప్రతిలో పేజీలు చిరిగిపోయి ఉన్నాయా? ఉంటే మాత్రం కల్పించి చదవాలని ఆ వయసులో నాకెందుకు తోచింది? ఆవిడకి జరిగింది ఆవిడే నాకు చెప్పి, ఇప్పుడు నేను చదివానంటున్నారేమో అనిపించింది. అడిగాను.

"మీరే నాకు చెప్పారేమో పిన్నిగారూ, వెళ్ళిపోదామనుకుంటున్నానని."

"ఛ. నాకేం తెలుసమ్మా అప్పటికి వెళ్ళొచ్చని? మా ఆయన పోయి ఏడాదైంది. నా మిషను మా ఆడపడుచుకి ఇచ్చేద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. ఇచ్చేయకపోతే ఏం చేస్తాను, ఎక్కడికి పోతాను అనుకుంటున్నా. అప్పుడు నువ్వొచ్చి చదివావు. పుస్తకంలో రాశారంటే ఎవరో ఎక్కడో వెళ్ళే ఉంటారు కదా అనుకున్నాను. మూడు నెలలు ఆలోచించి, మా ఆయన స్నేహితుడి భార్య ఊరు నాగాయలంక అంటే అక్కడికి పోయాను. మిషనుతో."

సంచిలో నీలం అట్ట పుస్తకం ఒడిలో బరువుగా ఉంది. దాన్ని బయటికి తీయకుండా లేచి వచ్చేయాల్సింది. కానీ ఆవిడ సంచి వైపు చూశారు.

"తెచ్చావా? చదువు. మళ్ళీ వినాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది."

మొదటి నుంచి చదివితే సాయంత్రం బండి దాటిపోతుందని కథలో వసారా వచ్చే చోట తెరిచాను. రెండు పేజీలు బాగానే గడిచాయి. ఆవిడ తల ఊపుతున్నారు. ఆడపడుచుకి ఇచ్చేయాలన్న తీర్మానం వచ్చింది. అక్కడ ఆగాను. ఉన్నది ఉన్నట్టు చదవాలా, మళ్ళీ ఆమెని ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళాలా? కల్పించాలంటే నాకు ఒక్క మాట తోచలేదు. అచ్చులో ఉన్నదే చదివాను. కోడలు మిషనుని తుడిచి, నూనె వేసి, బండి ఎక్కించడం.

"ఆగు," అన్నారు పిన్నిగారు. "ఏం పుస్తకం తెచ్చావు నువ్వు?"

"అదే పిన్నిగారూ."

"కాదు. ఇలా ఇవ్వు." తీసుకుని అట్ట అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది కాదు. అది ఎర్ర అట్ట. దీని పేరు కూడా అదే అయి ఉంటుంది. మనుషులకి ఉండవా ఒకే పేర్లు? ఎవరో మోసం చేశారు నిన్ను."

పేరూ అదే, మనుషులూ అదే, సగం కథా అదే అని ఆవిడకి ఎలా చెప్పాలి? చెబితే, ఆ పుస్తకాన్ని నమ్ముకుని ఇల్లు దాటిన మనిషికి నేనేం చేస్తున్నట్టు? చెప్పకపోతే అబద్ధం నాదా, ఆవిడదా, పుస్తకానిదా? ఏమీ తేల్చుకోలేక టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ పుస్తకం మూసి పక్కన పెట్టి, "నీకు గుర్తులేకపోతే నేను చెబుతా విను," అన్నారు.

చెప్పారు. ఏరు దాటాక ఆమెకి పదకొండు రోజులు ఎవరూ పని ఇవ్వలేదు. ఒంటరి ఆడది, ఎవరో ఏమో అని వాకిళ్ళలోంచి చూసేవాళ్ళు. పన్నెండో రోజున వాన పట్టుకుంది. బడి పంతులమ్మ గొడుగు చినిగితే ఆమె దగ్గరికి తెచ్చింది. ఆ గుడ్డకి సూది ఆగదు, దారం తెగిపోతుంది. "ఏం చేసిందనుకున్నావు? సూదికి కొవ్వొత్తి రాసింది. మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పింది. నాలుగోసారి నిలిచింది. ఆ గొడుగు చూసి ఊళ్ళో గొడుగులన్నీ వచ్చాయి. ఆ వానాకాలం నేను గొడుగులు కుట్టే బతికాను."

ఎక్కడ కథలో ఆమె పోయి పిన్నిగారు వచ్చారో నాకు తెలియలేదు. ఆపి అడుగుదామా అనుకున్నాను. ఆవిడ మొహం ఆ వానలో ఉంది. మేనకోడలు కూడా కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. మేనకోడలికీ ఇది కొత్త సంగతేనట.

గుడివాడ వచ్చేదాకా రైల్లో ఏమీ చదవలేదు. మర్నాడు సోమవారం. గ్రూపులో నాలుగు వాక్యాలు రాశాను. మావయ్యగారు చెప్పిందే నిజం, ఆ సన్నివేశం నవలలో లేదు, నా జ్ఞాపకం పొరపాటు, క్షమించండి అని. పిన్నిగారి సంగతి రాయలేదు. అది రాయడానికి నాకు హక్కుందో లేదో తేలలేదు.

భోజనాల వేళకి ముదినేపల్లి టీచరుగారు జవాబు రాశారు. "అదేంటండీ, పొరపాటెలా అవుతుంది? మీరు రాశాక నాకూ గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా ఊరి లైబ్రరీలో ఆ పుస్తకం చదివాను. పడవ ఉంది. ఎర్ర అట్ట."

ఎర్ర అట్ట అని నేను ఎక్కడా రాయలేదు. గ్రూపంతా మళ్ళీ వెదికి చూశాను. రాయలేదు. ఆవిడకి ఫోన్ చేసి అడిగాను, కచ్చితంగా చూశారా అని. చూశాననే అన్నారు. ఆ లైబ్రరీ ఇప్పుడుందా అంటే లేదన్నారు. పుస్తకాలేమయ్యాయో ఎవరికీ తెలియదట. అప్పట్లో సగం పుస్తకాలకి ఎర్ర అట్టలే ఉండేవని మా అన్నయ్య అన్నాడు. అదీ నిజమే కావచ్చు.

నవల తిరిగివ్వడానికి అవనిగడ్డ వెళ్ళినప్పుడు మావయ్యగారికి అంతా చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి, ముద్రణ వివరాలున్న పేజీ చూశారు.

"మొదటి ముద్రణ నేను చూడలేదమ్మా," అన్నారు. "నాది రెండోది. మార్చి వేశారేమో. రచయితలు మారుస్తారు, అచ్చు వేసేవాళ్ళూ మారుస్తారు. లేకపోతే మీరే కల్పించారేమో. రెండూ జరగగలవే."

"మీకేమనిపిస్తోంది?"

"నాకా? ఏమో. మీ పోస్టు చదివినప్పటి నుంచి ఆ నవల తీస్తే, ఆమె మిషను తుడుస్తున్న దగ్గర నాకు చిరాగ్గా ఉంటోంది. ముందు నాలుగుసార్లు చదివాను, ఏమీ అనిపించలేదు." అప్పటి నుంచి పాత పుస్తకాలమ్మేవాళ్ళందరికీ మొదటి ముద్రణ కోసం ఉత్తరాలు రాస్తున్నారు. ఇంకా దొరకలేదు.

నేను నెలకి రెండు ఆదివారాలు బందరు వెళ్తున్నాను. పిన్నిగారు ఇంకేదైనా చదవమన్నారు. మావయ్యగారే ఒక పుస్తకం ఎంచి ఇచ్చారు. గుండీల డబ్బాలు పక్కకి జరిపి ఆవిడ వింటారు, షాపులో మిషను ఆపి మేనకోడలు వింటుంది. కథ బాగా నడుస్తోంది. నచ్చినచోట ఆవిడ మళ్ళీ చదవమంటారు. అప్పుడు నేను వాక్యం కింద వేలు పెట్టి, అక్కడ ఉన్న మాటలే చదువుతున్నానో లేదో చూసుకుంటూ చదువుతాను.